మా అత్త ఎరగని మాట

ఆత్మకూర్ (ఎస్),
కార్తీక సోమవారం.

కరుణ టీచరమ్మకు సరోజన దండం పెట్టి రాస్తున్నది ఏమంటే,

మేము ఇక్కడ చల్లగా ఉన్నాం. మీరూ మిర్యాలగూడలో చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను. మీ మోచేతి నొప్పి తగ్గిందా? తగ్గకపోతే జవాబు పొడుగ్గా రాయకండి. మరీ చిన్నగా రాస్తే మాత్రం నొప్పి ఎక్కువైందేమోనని నాకు నిద్ర పట్టదు.

ఫోన్ చేస్తే రోజుకు పదిసార్లు అదే భయం చెబుతావు, కాగితం మీద పెట్టు వదినా, రాయడమూ వస్తుంది, భయమూ కొంచెం ఆరుతుంది అని మీరన్నారు. రాయడం వస్తోంది. భయం ఆరడం లేదు. మీరు మా ఊరి బడిలో చెబుతూ మా ఇంట్లో కిరాయికి ఉన్నప్పుడు నేర్పిన అక్షరాలే ఇవి. నా మాటను పుస్తకాల మాటలో రాస్తున్నాను. మనుషులు అన్నది మాత్రం అన్నట్టే పెడుతున్నాను. మారిస్తే అది వాళ్ళు అన్నట్టు ఉండదు.

అసలు సంగతికి వస్తాను. మా గొర్రెల మంద మొన్న మీ దిక్కు బయలుదేరింది. వరికోతలు కాగానే మా వాళ్ళు జీవాలను తోలుకొని మిర్యాలగూడ కాలువ పొలాలకు పోవడం మీకు తెలిసిందే. కోసిన మళ్ళలో జీవాలకు మేత, రాత్రి అక్కడే పడుకుంటే రైతుకు పెంట. ఎప్పుడూ మా ఆయన బీరన్న పోయేవాడు. ఈసారి ఆయన మోకాళ్ళు లేవవు. కొడుకు శివకుమార్ కోదాడలో లారీలు బాగుచేసే చోట పని, వాడికి చిన్నప్పటి నుంచి జీవాల వాసన పడదు. అందుకని కోడలు గోపిక పోయింది.

మొగుడి వెంట వంట చేసిపెట్టడానికి పోయిన ఆడవాళ్ళు ఉన్నారు గాని, మందకు పెద్దదిక్కుగా పోయిన ఆడది మా ఇంటా వంటా లేదు. మా మరిది కొడుకు సాయిబాబు నలుగురిలో అన్నాడు. "పెద్దమ్మా, గోపిక వదినెను ఇంట్ల ఉండనియ్యి. మంద నాకు అప్పజెప్పుండ్రి, నా దాంట్ల కలుపుకుంట." అప్పుడు గోపిక తలుపు చాటు నుంచి ముందుకు వచ్చింది. "ఈ ఒక్కపారి పోయొస్త. జీవాలకు ఏమన్న అయితే నేనే తోలుకొచ్చి నీ మందల కలుపుత" అంది. అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన నా వైపు చూశాడు. నేను పోనియ్యమన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ పిల్ల కళ్ళలోకి చూసి కాదనలేకపోయాను. మంద కలిపేస్తే ఇక మాకు మంద లేదు, ఆ పిల్లకు మా ఇంట్లో మాట లేదు.

టీచరమ్మా, మీకు పుణ్యం ఉంటుంది, ఒకసారి పోయి చూసి రండి. పిల్ల ఎక్కడ పడుకుంటోందో, ఏం తింటోందో, కుక్కలు ఎట్లాంటివో.

ఇక మీరిచ్చిన మాట. టీవీలో వానల వార్తలప్పుడు "భారీ నష్టం వాటిల్లింది" అంటుంటే అదేమిటని అడిగాను. అడిగినందుకు దాన్నే సొంత వాక్యంలో రాయమన్నారు. రాశాను: మా కోడలికి శుభం వాటిల్లుగాక.

బాగుందా?

మీ సరోజన


మిర్యాలగూడ,
శుక్రవారం.

సరోజన వదినకు,

నీ వాక్యం చదివి నవ్వాపుకోలేక చాయ్ ఒలకబోసుకున్నాను. మోచెయ్యి బాగానే ఉంది, కప్పు ఎత్తగలిగాను కాబట్టే కదా ఒలికింది.

వదినా, ఆ మాట మంచిని మొయ్యదు. శుభం కలుగుతుంది, మేలు జరుగుతుంది. వాటిల్లేది నష్టం, హాని, ముప్పు, ఆపద. పిడుగు పడ్డా, వాగు పొంగినా అధికారులు కాగితం మీద రాసుకునే మాట అది. నీ వాక్యం చదివితే పాపం గోపిక మీదికి శుభమే గండంలాగా వచ్చి పడ్డట్టుంది. మళ్ళీ రాయి. ఈసారి చెడునే రాయి. ఎవరికి వాటిల్లాలో నువ్వే చూసుకో.

ఇప్పుడు నీ కోడలు. నిన్న ఆటోలో పోయి చూసొచ్చాను. ఊరు దాటాక కాలువ కింద కోసిన మళ్ళు, దూరం నుంచి చూస్తే నేలే కదులుతున్నట్టు మీ మంద. గోపిక చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాల చుట్టుకొని గట్టు మీద నిలబడి ఉంది. నేను వెళ్ళేసరికి ఒక రైతు ఆమెతో మాట్లాడుతున్నాడు.

"మీ ఇంట్ల మొగోళ్ళు లేరా అమ్మా? నేనెవరితోని మాట్లాడాలె?"

"ఉన్నరు. ఆళ్ళతోని మాట్లాడాల్నంటే సూర్యాపేట దాటి పోవాలె. మడి ముచ్చటైతే నాతోని మాట్లాడు."

"సరే, మందను గా మూలకు పడుకోబెట్టు. గాడ పెంట తక్కువున్నది."

"గాడ మొన్ననే మందు కొట్టిన్రు. వాసన ఇంక పోలే. నా జీవాలు గీ గట్టు మీదనే పడుకుంటయి. నచ్చితే నచ్చె, లేకుంటే అవతల మడి ఆయన పిలుస్తున్నడు."

రైతు కాసేపు మీసం దువ్వుకొని సరే అన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను వదినా, హెడ్మాస్టరు ముందు అంత తిన్నగా ఒక్కసారీ మాట్లాడలేదు.

ఆమె మేనమామ గట్టయ్య కూడా తన మందతో పక్కనే ఉన్నాడు. మరో రెండు మందల వాళ్ళూ వాళ్ళతోనే నడుస్తున్నారు. "ఆడపిల్ల అనుకుంటున్నరు టీచరమ్మా, నలుగురి పెట్టు" అన్నాడు గట్టయ్య. తిండికి లోటు లేదు, జొన్నరొట్టె, పచ్చిపులుసు, నాకూ పెట్టింది. పడుకునేది నలుగురి మధ్య, గుడారంలో. కుక్కలు నన్ను చూసి తోక ఊపాయి, అంతకంటే చెప్పలేను.

జీవాలు ఎట్లా ఉన్నాయి అని అడిగితే "సల్లంగ ఉన్నయి, అత్తకు గట్లనే చెప్పు" అంది. ఎన్ని ఉంటాయి అన్నాను. గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. గోపిక నేల చూపులు చూస్తూ "ఉన్నయి టీచరమ్మా, చాలినన్ని" అంది. ఏదో అడగరానిది అడిగినట్టయింది.

కాబట్టి మంద చల్లగా ఉంది. నువ్వు కడుపునిండా తిను.

కరుణ


సూర్యాపేట,
మంగళవారం.

కరుణ టీచరమ్మకు,

మీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. పడుకొని విన్నాడు. ఆ మందు కొట్టిన మూల మాట దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాడు. "గది చూసుడు వచ్చిందంటే ఇగ అన్ని ఒస్తయి" అన్నాడు. కోడలిని ఆయన మెచ్చుకోవడం నేను వినడం ఇదే మొదలు. ఎదుట ఎప్పుడూ అనడు.

ఎన్ని అని మీరు అడగరానిదే అడిగారు, కానీ మీకు తెలియదు కదా. జీవాలను ఎవరికీ లెక్క చెప్పం. ఇంకొకటి కూడా ఉంది. మంద బయటికి పోయిన నాటి నుంచి తిరిగి వచ్చేదాకా ఇంట్లో గాని, మంద దగ్గర గాని చావు మాట, చెరుపు మాట నోట రాకూడదు. అంటే అది నడిచి మంద దగ్గరికి పోతుందని మా అత్త చెప్పేది. బల్బు మాడిపోతే "బుగ్గ పండుకున్నది" అనాలి. చిప్ప పగిలితే "రెండయింది" అనాలి. కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఎలుక చచ్చిందని అన్నందుకు ఆ పూట నన్ను అన్నానికి పిలవలేదు. ఎవరు ఏం అడిగినా "సల్లంగ ఉన్నం", అంతే. గోపికకు నేనే నేర్పాను.

ఇప్పుడు మీరేమో చెడునే రాయమంటారు. నేను ఎవరి మీద రాయాలి? పక్కింటి నాగమణి నా రోకలి తీసుకుపోయి ఇవ్వలేదు, ఆమె మీద రాద్దామనుకున్నాను. "నాగమణికి నష్టం" దాకా రాశాను. అంతలోనే సొరకాయ కూర గిన్నెతో వచ్చింది. కొట్టేశాను. అడవిలో సింహం మీద రాద్దామనుకున్నాను. సింహం నన్నేం చేసింది? దానికీ పిల్లలుంటాయి. చివరికి లంక మీద రాశాను: హనుమంతుడి వల్ల లంకకు నష్టం వాటిల్లింది. అది ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరికీ తగలదు. సరిపోతుందా?

ఇక్కడ ముసురు పట్టింది. అక్కడా పడుతోందా? తడి నేల జీవాలకు మంచిది కాదు. గోపికకు పడిశం చేస్తే మిరియాల కషాయం పెట్టించండి. కనబడితే, ఇంటి దగ్గర చల్లగా ఉన్నామని చెప్పండి. అదొక్కటే చెప్పండి.

సరోజన


మిర్యాలగూడ,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

వదినా,

లంక వాక్యం తప్పు లేదు. కానీ సొంత వాక్యం కాదు. లంక నీది కాదు కదా.

ఉత్తరంలో పైన ఏ ఊళ్ళో కూర్చొని రాస్తున్నామో ఆ పేరు పెట్టాలని నీకు నేర్పింది నేను. నీకు ఏది నేర్పితే అది తు.చ. తప్పకుండా చేస్తావు. ఈసారి ఆత్మకూర్ అని లేదు, సూర్యాపేట అని ఉంది. ముసురులో, మోకాళ్ళు లేవని మనిషితో సూర్యాపేటలో ఏం చేస్తున్నావు? బీరన్న పడుకొని విన్నాడని రాశావు. ఎక్కడ పడుకొని?

నువ్వు చెప్పేలోపు నేను చెప్పాల్సింది చెబుతాను. ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించి ప్రార్థన చేసుకున్నాను.

వాన వెలిశాక మంద దగ్గరికి పోయాను. కాలువ కింద లేదు. అవతల రాళ్ళ దిబ్బ మీదికి ఎక్కింది, గడ్డి సరిగా లేని చోటికి. గోపిక కళ్ళు వాచి ఉన్నాయి. ఎట్లా ఉన్నాయమ్మా అంటే "సల్లంగ ఉన్నయి" అంది. ఆ మాట అంటూనే ఒక గొర్రె తలను ఒళ్ళో పెట్టుకొని దాని మూతిని ఉప్పు నీళ్ళతో కడుగుతోంది. అది కళ్ళు తెరవడం లేదు. అప్పుడు అర్థమైంది వదినా నాకు. మీ అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే మాటను నా చేత అటూ ఇటూ మోయించారు. నేను వెర్రిదానిలా మోశాను.

గట్టయ్యను పక్కకు పిలిచి అడిగాను. అతను అటూ ఇటూ చూసి, కొంత సైగలతో, కొంత మాటతో చెప్పాడు.

ఇప్పుడు ఒక మాట విను. మీ అత్త కట్టు పెట్టిన మాటలు ఏవి? ఇంట్లో వాడేవి, ఆవిడ నోట్లో తిరిగినవి. వాటిల్లడం అనే మాటను ఆవిడ జన్మలో విని ఉండదు. వినని మాటకు కట్టు ఎట్లా పెడుతుంది? అది ఆఫీసు మాట. దానికి మీ ఇంటి దారి తెలియదు, మంద దారీ తెలియదు. అందుకని ఆ మాటతోనే చెబుతున్నాను: మీ మందకు కొంత నష్టం వాటిల్లింది.

కూర్చో. నీళ్ళు తాగు. మిగతాది చదువు.

వాన తర్వాత తడి మళ్ళలో చిన్న దోమ లేచిందట. దాంతో నీలి నాలుక రోగం. మూతి వాచి, నాలుక నల్లబడి, మేత ముట్టవు. మొదటిదానికి మూతి వాచిన పూటే గోపిక కనిపెట్టింది. అప్పుడు పక్కనున్న ఒకరిద్దరు ఏమన్నారో తెలుసా? "మాట బయటికి రానియ్యకు. వాసినయి సప్పుడు లేకుండ కసాయోళ్ళకు తోలెయ్యి" అన్నారు. గోపిక వినలేదు. అన్ని మందల వాళ్ళకూ తనే పోయి చెప్పింది. వాళ్ళకు చెడు మాట అనకూడదు కదా, చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి గొర్రె నోరు తెరిచి చూపించిందట. పశువుల డాక్టరును పిలిపించింది. తడి విడిచిపెట్టి పొద్దుగూకక ముందే అందరినీ దిబ్బ ఎక్కించింది. పచ్చని మేత వదిలి రాళ్ళ మీదికా అని వాళ్ళు సణిగారు. వేపాకు పొగ పెట్టింది. మేయలేని వాటికి గంజి కాచి ఒక్కొక్కదానికీ చేత్తో తాగిస్తోంది. నాకు తెలిసిన డాక్టర్లలో అంత ఓపిక ఉన్నవాళ్ళు తక్కువ.

కొన్ని దక్కలేదు. ఎన్ని అని నేను అడగలేదు. చాలా వరకు తేరుకుంటున్నాయి. మిగతా మూడు మందలకూ ఇంతవరకు ఏమీ కాలేదు.

సణిగిన వాళ్ళలో ఎవరో సాయిబాబుకు ఫోన్ చేశారట. ఎండ కాయగానే ఇక్కడి నుంచి కోదాడ వైపు, చిలుకూరు పొలాలకు నడుస్తారు. అతను అక్కడికి వస్తానన్నాడట.

ఇప్పుడు సూర్యాపేట సంగతి చెప్పు. ఆ మాటతోనే చెప్పు.

కరుణ


సూర్యాపేట, దవాఖాన,
గురువారం.

కరుణ టీచరమ్మకు,

మీరు కూర్చోమన్న చోట కూర్చున్నాను. నీళ్ళు తాగమన్న చోట తాగాను. అయినా రెండు కాగితాలు పాడుచేశాను, ఇది మూడోది.

మా ఆయన తుంటికి హాని వాటిల్లింది.

రాసేశాను. రాసి పైకప్పు వైపు చూశాను. ఏమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇంకొకటి రాశాను: మా మందకు నష్టం వాటిల్లింది. అప్పుడూ తిరిగింది.

మీకు మొదటి ఉత్తరం వేసిన మర్నాడే కొట్టం దగ్గర పాకుడు మీద జారాడు. తుంటి ఎముక. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. శివకుమార్ వచ్చి దగ్గరుండి చేయించాడు, మళ్ళీ పనికి పోయాడు. నాగమణి ఆ సొరకాయ కూరా, మీ ఉత్తరాలూ తెచ్చింది ఇక్కడికే. గోపికకు చెప్పొద్దని వాడితో ఒట్టు వేయించుకున్నాను. కట్టు ఒక్కటే కాదు టీచరమ్మా. తెలిస్తే ఆ పిల్ల మందను వదిలేసి పరుగెత్తుకొస్తుంది. వస్తే మంద సాయిబాబు చేతికి పోతుంది. ఆమె చల్లగా ఉందని రాయించుకొని నేను ఇక్కడ అన్నం తింటున్నాను, ఆమె అక్కడ గొర్రె తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

మంద సంగతి ఆయనకు చెప్పక తప్పలేదు.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్" అన్నాడు.

"మందకు నష్టం వాటిల్లింది."

"ఏం జేసింది?"

"వాటిల్లింది."

"గదేం మాటనే? తాసీల్దారు లెక్క మాట్లాడుతున్నవ్."

"టీచరమ్మ ఇచ్చిన మాట. మీ అమ్మకు తెల్వది. అందుకే అంటున్న."

ఆయన నవ్వాడు. నవ్వితే తుంటి లాగింది, లాగినందుకు నన్ను తిట్టాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకొని ఒక్కొక్కటే అడిగాడు.

"పచ్చి మేత ఇడిసిపెట్టి దిబ్బ ఎక్కిచ్చిందా?"

"ఎక్కిచ్చింది."

"అందరికి చూపిచ్చిందా?"

"చూపిచ్చింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "నేనైతే చూపియ్యకపోదును సరోజనా. మంద పేరు పోతదని నోరు మూసుకొని ఉందును. నాలుగు మందలు ఖతమయ్యేటియి" అన్నాడు.

సాయిబాబు నిన్న వచ్చాడు. చెడ్డవాడు కాదు. మందు బిళ్ళలు, బత్తాయిలు వాడే తెచ్చాడు. వాడి జీవాలు ఎట్లా ఉన్నాయని అడిగితే సల్లంగ ఉన్నయన్నాడు. పోయేటప్పుడు మాత్రం, "మాట మాటే కద పెద్దమ్మా. నేను సోమవారం చిలుకూరు పోతున్న. మందను తోలుకొస్త" అన్నాడు. మా ఆయన దుప్పటి మీదికి లాక్కున్నాడు. మంచం మీద ఉన్న మనిషి ఏమంటాడు? నేనెట్లా కాదంటాను? నలుగురిలో అన్న మాట, నేను సరే అంటేనే పోయిన పిల్ల.

గోపికకు ఆయన సంగతి మీరే చెప్పండి టీచరమ్మా. నాకు నోరు రాదు.

సరోజన


మిర్యాలగూడ,
శనివారం.

వదినా,

రెండు వాక్యాలకూ పూర్తి మార్కులు. ఎక్కడ పెట్టాల్సిన మాటను అక్కడ పెట్టావు. కాగితాలు పాడయ్యాయేమో గాని మాట పాడవలేదు. నీ అంత భయస్తురాలిని నేను చూడలేదు, భయపడుతూనే అన్ని పనులూ చేసే మనిషినీ చూడలేదు.

నేను మాత్రం చెప్పను. మీ మాటలు మోసింది చాలు. మంద నిన్న కోదాడ దారి పట్టింది. సోమవారం పొద్దునకల్లా చిలుకూరు చేరుతుంది. నువ్వు పో. సాయిబాబు కంటే ముందు పో. దవాఖానలో బీరన్న దగ్గర ఒక్క రోజు కూర్చోమని నాగమణిని అడుగు. రోకలి ఇవ్వని బాకీ అట్లా తీర్చుకుంటుంది.

పోస్టులో వేస్తే సోమవారానికి అందదని దీన్ని సూర్యాపేట బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చో, కడుపులో తిప్పదు.

కరుణ


చిలుకూరు పొలాలు, కోదాడ దగ్గర,
సోమవారం.

కరుణ టీచరమ్మకు,

గట్టు మీద, మంద పక్కన కూర్చొని రాస్తున్నాను. ఇప్పుడు మందను చూసుకునేది నేను ఒక్కదాన్నే. ఇది చదివి మీరు భయపడకండి, భయపడే పని నేను చేస్తున్నాను.

కోదాడ బస్టాండ్‌లో శివకుమార్ బండి మీద ఎక్కించుకొని తెచ్చాడు. దారి పొడుగునా ఆ వాక్యాన్నే నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. గోపిక నన్ను దూరం నుంచి చూసి, "అత్తా, నువ్వెందుకొచ్చినవ్? ఇంటికాడ సల్లంగనేనా?" అంది. పిల్ల చిక్కి సగమయింది. చేతులు ఉప్పు నీళ్ళకు పగిలి ఉన్నాయి.

"మీ మామకు హాని వాటిల్లింది" అన్నాను.

"ఏంది అత్తా?"

రెండోసారి ఆ మాట రాలేదు టీచరమ్మా. వచ్చిందల్లా మా ఇంటి మాటే. "తుంటి ఇరిగిందే. దవాఖానల ఉన్నడు. ఆపరేషన్ చేసిన్రు. నీకు చెప్పలే" అన్నాను. కట్టు తెగిపోయింది. గోపిక ఉన్నచోటే కూలబడింది. తిడుతుందనుకున్నాను. నా మోకాళ్ళు పట్టుకొని ఏడుస్తూ తనూ మొదలుపెట్టింది. "బొల్లిది చచ్చిపోయింది అత్తా. చెవులు లేనిది చచ్చిపోయింది. మామ పెంచిన పొట్టేలు చచ్చిపోయింది. మూడు పిల్లల తల్లి చచ్చిపోయింది." ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి చెప్పింది. నేను ఒక్కొక్కదానికీ ఊ కొట్టాను. ఇన్నాళ్ళు ఆ పేర్లన్నీ గొంతులో పెట్టుకొని ఆ పిల్ల ఎట్లా అన్నం మింగిందో.

ఏడుపు అయ్యాక మొఖం కడుక్కుంది. "మామను చూసొస్త. సాయంత్రంకల్ల మర్లుత. మందను ఎవరు చూస్తరు?" అంది. గట్టయ్య తన మందను నీళ్ళకు తోలుకుపోయాడు. మిగతా ఇద్దరూ దూరంగా ఉన్నారు. "నేనుంట" అన్నాను. నా నోరేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆమె మాత్రం అనుమానపడలేదు. కర్ర నా చేతిలో పెట్టి, ఏ గొర్రెకు ఎప్పుడు గంజి పట్టాలో చెప్పి, మొగుడి బండెక్కి పోయింది.

మధ్యాహ్నం సాయిబాబు వచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వా? వదినె ఏది?"

"మీ పెదనాయన కాడికి పోయింది. వస్తది. కూసో."

"మందనిడిసి పోయిందా?"

"ఇడిసి పోలే. నాకు అప్పజెప్పి పోయింది. ఇది గోపిక మంద. మాట అన్నది ఆమె. నువ్వు అడిగేది న్యాయమే, కాదన. ఆమె వచ్చినంక ఆమెనే అడుగు. కలుపుత అన్నదంటే నేను అడ్డం రాను."

వాడు కూర్చోలేదు. మందలోకి దిగి ఒక్కొక్క గొర్రె పెదవి ఎత్తి చూశాడు. పుండ్లు మానిన చోట వేలు పెట్టి చూశాడు. అంతలో గట్టయ్య, మిగతా ఇద్దరూ వచ్చారు. వాళ్ళలో ఒకడు, ఫోన్ చేసింది వాడేనని తర్వాత తెలిసింది, తల గోక్కుంటూ అన్నాడు. "సాయిబాబన్నా, మా జీవాలు బతికినయంటే ఆమె చూపియ్యబట్టే. రేపు ఆమె ఎటు తోలితే మేము అటే. నువ్వు తోలుకపోతే మేము నీ ఎంబడి రాం." మేనకోడలి ముచ్చట కాబట్టి గట్టయ్య పక్కకు తప్పుకొని నిలబడ్డాడు.

సాయిబాబు ఒక గొర్రె తలను చేతుల్లో పట్టుకొని అట్లాగే ఉన్నాడు.

"మూతులు ఎవరు కడిగిన్రు పెద్దమ్మా?"

"ఆమెనే. ఒక్కొక్కదాన్ని ఒళ్ళె ఏసుకొని."

"అన్నిటికా?"

"అన్నిటికి."

ఆ తర్వాత వాడు గట్టు మీద నాకు కొంచెం దూరంగా కూర్చొని రోడ్డు వైపు చూస్తూ ఉన్నాడు. నేను గంజి పట్టాల్సిన వాటికి పట్టాను. సగం నా చీర మీద పోసుకున్నాను. మీకు రాయడం అప్పుడే మొదలుపెట్టాను.

ఇంతసేపటికి గోపిక వచ్చింది. బండి దిగి గట్టు వెంబడి వస్తోంది. దూరం నుంచి నాలుకతో ఒక చప్పుడు చేసింది, అంతే. పొద్దుటి నుంచి లేవలేని గొర్రె ఒకటి ముంగాళ్ళ మీద లేచింది. సాయిబాబు చూశాడు. లేచి పోయి ఆమె లోపలికి రావడానికి మంద చుట్టూ కట్టిన వలను పక్కకు పట్టుకున్నాడు. ఇప్పుడు అడుగుతాడనుకొని నేను కాగితం పక్కన పెట్టాను.

"వదినె, గీ పక్క ఊర్ల కట్టిన నా మందల కూడ రెండిటికి మూతి వాసింది" అన్నాడు. మెల్లగా అన్నాడు, నాకు వినబడదనుకొని. "నాలుగు పొద్దులాయె. ఎవరికి చెప్పలే. ఏం జేయాలె?"

గోపిక అతని మొఖం వైపు ఒక్క క్షణం చూసింది. "తడిలనే కట్టినవా?"

"తడిలనే."

"నాలుగొద్దులు ఏం జేసినవ్ మరి" అని, జవాబు కోసం ఆగకుండా ఉప్పు డబ్బా, గుడ్డలు సంచిలో వేసుకుంది. "పా. పొద్దుగూకక ముందే దిబ్బ ఎక్కియ్యాలె. అత్తా, నువ్వు ఇంకింత సేపు ఉంటవా?"

ఉంటానన్నాను. వాళ్ళిద్దరూ ఇప్పుడే పోయారు, ఆమె ముందు, వాడు వెనక. మా ఆయన బాగానే తింటున్నాడట, నాగమణి ఈ రాత్రికీ అక్కడే ఉంటానందట, ఆయన ఆమెతో ఏమన్నాడో అడగడానికి సందు దొరకలేదు. వచ్చాక అడిగి రాస్తాను. ఈ రాత్రి నేను గుడారంలోనే పడుకుంటాను, కుక్కలు నన్ను చూసి కూడా తోక ఊపాయి.

కాగితం అయిపోయింది. మబ్బు కూడా పడుతోంది. గొర్రెపిల్లలను లోపలికి తోలాలి.

సరోజన